అజ్మౌన్ మీద ఇరాన్ వాళ్ళకి అంత ప్రేమ ఏంటి, అంత కోపం ఏంటి? 2018లో అసలేం జరిగింది?

రాత్రి కిక్కాఫ్:

అందరికీ నమస్తే. నేను ఇక్కడ చదివి వెళ్ళిపోయే బాపతు, రాయడం ఇదే మొదటిసారి.

2024 ఫిబ్రవరి 7న ఫుట్‌బాల్ ఆసియా కప్ సెమీస్ ఎంతమంది చూశారు? ఇరాన్, ఖతార్ మ్యాచ్. నాలుగో నిమిషంలో ఇరాన్ స్ట్రైకర్ సర్దార్ అజ్మౌన్ గోల్‌పోస్టుకి వీపు పెట్టి, గాల్లోకి లేచి, తల మీదుగా కొట్టిన గోల్ చూసి నేను పెట్టిన కేకకి మా హాస్టల్ వార్డెన్ మెట్లెక్కి వచ్చాడు. చివరికి ఇరాన్ 3-2తో ఓడిపోయింది, ఆ బాధ వేరే.

మ్యాచ్ అయ్యాక ఇన్‌స్టాలో ఇరాన్ ఫుట్‌బాల్ పేజీలు తిరగేశాను. ట్రాన్స్‌లేట్ నొక్కి చదువుతుంటే మతిపోయింది. ఒక కామెంట్‌లో 'మా ప్రాణం నువ్వే' అని ఉంటుంది, దాని కిందే 'ఇంక చాల్లే, దిగిపో' అని ఉంటుంది. అది కూడా గోల్ కొట్టిన రోజు!

నా రూమ్మేట్ ఏమంటాడంటే, 'వీడు 2018 వరల్డ్ కప్ అవ్వగానే అభిమానులు తిట్టారని అలిగి రిటైర్ అయ్యాడు. నెలలు తిరక్కుండా మళ్ళీ వచ్చేశాడు. పెద్ద డ్రామా.' అప్పటికి నాకు పదమూడేళ్ళు. ఆ వరల్డ్ కప్ అంటే ఎంబాపే తప్ప నాకు ఇంకేం గుర్తులేదు.

నిజంగా డ్రామానేనా? 23 ఏళ్ళకే జాతీయ జట్టు వదిలేసేంత ఏమన్నారు? అప్పట్నుంచీ ఫాలో అవుతున్నవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

లెక్కల మాస్టారు:

ముందు లెక్కలు. పుట్టింది 1995 జనవరి 1న. 2018 నాటికి ఇరాన్ తరఫున 23 గోల్స్. ఆ వరల్డ్ కప్ క్వాలిఫైయర్లలోనే 11 కొట్టాడు. వరల్డ్ కప్‌లో మూడు మ్యాచ్‌లు ఆడాడు, సున్నా. 2022లో మళ్ళీ ఆడాడు, మళ్ళీ సున్నా. మొత్తంగా 2024 ఫిబ్రవరి నాటికి 50 దాకా వచ్చాడు. రష్యా లీగ్‌లో జెనిత్ తరఫున 2019-20లో 17 గోల్స్‌తో టాప్ స్కోరర్, తన జట్టులోని జ్యూబాతో కలిసి.

'వరల్డ్ కప్‌లో కొట్టలేనివాడు స్ట్రైకరా' అని మీ రూమ్మేట్ అంటే ఒక్క ప్రశ్న అడగండి. వందకి పైగా అంతర్జాతీయ గోల్స్ కొట్టి ఎన్నో ఏళ్ళు ప్రపంచ రికార్డు పట్టుకుని కూర్చున్న ఇరాన్ పాత స్ట్రైకర్ అలీ దాయీ వరల్డ్ కప్‌లో ఎన్ని కొట్టాడు? 1998లోనూ 2006లోనూ ఆడాడు. జవాబు సున్నా.

మిగతాది ఇక్కడ మన దేరా అన్న చెప్పాలి. అన్నా, ఉన్నావా?

దేరా దుకాణం:

ఉన్నా మాస్టారూ. ఇది కొంచెం పొడుగవుతుంది, ఓపిక ఉన్నవాళ్ళు చదవండి.

తమ్ముడూ, డ్రామా అన్నది మీ రూమ్మేట్ ఒక్కడే కాదు. 2018 జూన్‌లో నేను అంతకన్నా ఘోరమైన మాట అన్నాను. ఆ సంగతికి తర్వాత వస్తాను.

మాది జగిత్యాల దగ్గర పల్లె. 2011 నుంచి 2020 దాకా దుబాయ్‌లో, దేరాలో ఒక ఇరానీ ఆయన దుకాణంలో పనిచేశాను. పిస్తా, కుంకుమపువ్వు, ఎండు నిమ్మకాయలు, ఖర్జూరం. ఓనర్‌ని అందరం 'ఆఘా' అని పిలిచేవాళ్ళం, మన దగ్గర అయ్యగారు అన్నట్టు. ఇద్దరు ఇరానీ కుర్రాళ్ళు, మేం చేట్టన్ (మలయాళంలో అన్న) అని పిలిచే ఒక కేరళ ఆయన, నేను. మా ఊళ్ళో ఆటంటే కబడ్డీ, వాలీబాల్. ఫుట్‌బాల్ నాకు ఆ దుకాణంలోనే పట్టుకుంది. మ్యాచ్ ఉన్న రాత్రి షట్టర్ సగం దించేసి, గోడ మీద టీవీ పెట్టి, పొద్దుతిరుగుడు గింజలు ఒలుచుకుంటూ, చక్కెర ముక్క పంటికింద పెట్టుకుని చాయ్ తాగుతూ చూసేవాళ్ళు. పొద్దున్నే ఆ గింజల పొట్టు ఊడ్చేది మాత్రం నేను.

ముందు పేరు సంగతి. ఇంగ్లిష్ స్పెల్లింగ్ చూసి అందరం అజ్మౌన్ అంటాం గానీ వాళ్ళు పలికేది ఆజ్మూన్. సర్దార్ అంటే మనకీ తెలిసిందే. ఆజ్మూన్ అంటే ఫార్సీలో పరీక్ష. ఇంటిపేరే పరీక్ష అయినవాడి గతి ఎలా ఉంటుందో చూడండి.

ఆ పేరు నేను మొదట విన్నది 2014 నవంబరులో. టెహ్రాన్‌లో ఆజాదీ స్టేడియం, దక్షిణ కొరియాతో మ్యాచ్. ఇరాన్ 1-0తో గెలిచింది. గోల్ కొట్టింది పందొమ్మిదేళ్ళ పిల్లాడు. ఆఘా గల్లాపెట్టె మీద చేత్తో ఒక్కటి చరిచి 'దాయీ దొరికాడు' అన్నాడు. ఒక్క గోల్‌కే! నాకు నవ్వొచ్చింది. కానీ ఇప్పుడు ఆలోచిస్తే పిల్లాడి మెడకి బండ కట్టింది ఆ రోజేననిపిస్తుంది. కట్టింది మా ఆఘా ఒక్కడే కాదు, దేశం మొత్తం అదే మాట అనుకుంది. దాయీ 2006లో ఆపేశాక ఇరాన్‌లో ఏ స్ట్రైకర్ రెండు గోల్స్ కొట్టినా ఇతనేనా అని చూసేవాళ్ళు. పైగా పత్రికల వాళ్ళు 'ఇరాన్ మెస్సీ' అని ఇంకో పేరు తగిలించారు. ఆరడుగుల మనిషి, తలతో ఎక్కువ కొడతాడు. ఎక్కడి మెస్సీ, ఎక్కడి పోలిక!

నాకు ఆ అబ్బాయి నచ్చడానికి అసలు కారణం వాలీబాల్. వాళ్ళ నాన్న ఖలీల్ ఆజ్మూన్ ఇరాన్ వాలీబాల్ జట్టుకి ఆడినవాడు, తర్వాత కోచ్. ఇతను కూడా చిన్నప్పుడు వాలీబాల్ ఆడాడు, అండర్-15 జాతీయ వాలీబాల్ జట్టు నుంచి పిలుపొచ్చినా ఫుట్‌బాల్ వైపు వెళ్ళాడు. హెడ్డర్ కోసం లేచినప్పుడు చూడండి, బంతికన్నా ముందే లేచి, పైన ఒక్క క్షణం ఆగినట్టుంటాడు. మా ఊరి స్మాషర్లు అట్లాగే లేచేవాళ్ళు. ఇది నా సొంత సిద్ధాంతం, ఎవరూ వాదించకండి.

ఊరు గోంబదె కావూస్. ఇరాన్‌కి ఈశాన్యాన, తుర్క్‌మెన్ జనం ఉండే చోటు. వెయ్యేళ్ళ నాటి ఇటుకల గోపురం ఒకటి, గుర్రపు పందేలు, ఈ రెండే ఆ ఊరికి పేరు. ఆజ్మూన్‌కీ గుర్రాలంటే పిచ్చి, సొంతంగా పెంచుతాడు. ఈ గుర్రాల మాట గుర్తుపెట్టుకోండి.

ఇరాన్ లీగ్‌లో సీనియర్ మ్యాచ్ ఒక్కటీ ఆడకుండానే పద్దెనిమిదేళ్ళకి రష్యా వెళ్ళిపోయాడు, రూబిన్ కజాన్‌కి. తర్వాత రోస్తోవ్. 2016 నవంబరులో ఛాంపియన్స్ లీగ్‌లో రోస్తోవ్ చేతిలో బయర్న్ మ్యూనిక్ 3-2తో ఓడిపోయింది, అందులో ఒక గోల్ ఇతనిది. అదే నెల మొదట్లో మాడ్రిడ్‌లో అట్లెటికో మీద కూడా ఒకటి కొట్టాడు. ఆ వారం దుకాణంలో మా కుర్రాళ్ళు వచ్చిన ప్రతి కస్టమర్‌కీ ఆ వీడియో చూపించారు. కుంకుమపువ్వు కొనడానికొచ్చిన ఫిలిప్పీన్స్ ఆవిడకి కూడా!

2017 జూన్ 12. రంజాన్ నెల, ఇఫ్తార్ అయ్యాక మ్యాచ్. ఉజ్బెకిస్తాన్ మీద 2-0, మొదటి గోల్ ఆజ్మూన్, రెండోది తారెమీ. వరల్డ్ కప్ ఖాయం. ఆ రాత్రి ఆఘా మా అందరికీ తలా యాభై దిర్హములు ఇచ్చాడు. నేను పనిచేసిన తొమ్మిదేళ్ళలో బోనస్ అనేది అదొక్కటే.

ఇప్పుడు 2018కి వద్దాం. ఆ ఏడాది ఇరాన్ వాళ్ళ పరిస్థితి తెలిస్తే తప్ప ఈ కోపం అర్థం కాదు. మే నెలలో అమెరికా అణు ఒప్పందం నుంచి బయటికొచ్చింది. రియాల్ విలువ రోజుకో తీరుగా పడిపోయేది. ఇంటికి డబ్బు పంపే దారి లేక మా కుర్రాళ్ళు ఎవరో తెలిసినవాళ్ళు ఊరికి వెళ్తుంటే చేతికి ఇచ్చి పంపేవాళ్ళు. వరల్డ్ కప్ మొదలవబోతుంటే నైకీ కంపెనీ ఆంక్షల కారణంగా ఇరాన్ ఆటగాళ్ళకి బూట్లు ఇవ్వలేమంది. బూట్లు కూడా! అప్పుడు వాళ్ళ దగ్గర మిగిలిందల్లా ఆ జట్టే. అందులోనూ ఆశంతా 20 నంబరు చొక్కా మీద. ఎందుకంటే పోటీలు జరిగేది రష్యాలో, ఆజ్మూన్ ఐదేళ్ళుగా ఆడుతున్న దేశంలో. స్పెయిన్‌తో మ్యాచ్ అయితే కజాన్‌లోనే, అతని సొంత మైదానంలో. 'పిల్లాడి వాకిట్లో ఆట' అనేవాడు ఆఘా.

మొదటి మ్యాచ్ మొరాకోతో, రంజాన్ పండగ రోజే. మొదటి సగం చివర్లో ఆజ్మూన్ ఒక్కడే గోల్‌కీపర్ ఎదురుగా వెళ్ళాడు, కీపర్ ఆపేశాడు. ఇంజురీ టైమ్‌లో మొరాకో ఆటగాడి సెల్ఫ్ గోల్‌తో ఇరాన్ 1-0తో గెలిచింది. అందరూ రోడ్డెక్కారు, హారన్లు మోగించారు. కానీ తెల్లారాక మాటలన్నీ ఆ ఒక్క మిస్ చుట్టూనే. గెలిచిన మ్యాచ్‌లో కూడా!

జూన్ 20న స్పెయిన్. డియెగో కోస్టా కాలికి తగిలి లోపలికెళ్ళిన ఒక వింత గోల్‌తో 0-1. ఎజతొల్లాహీ కొట్టిన గోల్‌ని వీఏఆర్‌లో, అంటే వీడియో రీప్లేలో, చూసి ఆఫ్‌సైడ్ అన్నారు. గోల్ ఇచ్చారనుకుని కేరళ చేట్టన్ నన్ను ఎత్తుకున్నాడు, దించేలోపు లేదన్నారు.

కొంచెం ఆట గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే తిట్టినవాళ్ళలో సగం మందికి ఇది కనబడలేదు, నాతో సహా. అప్పటి కోచ్ కెయ్‌రోస్ పద్ధతి ఏంటంటే పది మంది వెనక గోడ కట్టాలి. ముందున్న ఒక్కడూ అవతలి డిఫెండర్ల మధ్య పరిగెత్తుతూ వాళ్ళని తొందరపెట్టాలి. బంతి గెలిస్తే పొడుగ్గా కొడతారు, ఆ ఒక్కడూ ఇద్దరు ముగ్గురితో పోట్లాడి దాన్ని పట్టుకోవాలి, మిగతావాళ్ళు వచ్చేదాకా కాపాడాలి. స్పెయిన్ మీద తొంభై నిమిషాలు అదే చేశాడు. కాళ్ళు కట్టేసి పరుగు పందెంలో ఎందుకు గెలవలేదని అడిగినట్టు మేము గోల్స్ అడిగాం.

ఆ రాత్రి మా కుర్రాళ్ళలో ఒకడు ఫోన్ తీసి ఆజ్మూన్ ఇన్‌స్టా పేజీ తెరిచాడు. 'పోయి గుర్రాలు మేపుకో' అని రాశాడు. గుర్రం బొమ్మలు పెట్టాడు. అందరూ నవ్వారు. నేను కూడా రాస్తానన్నాను. ఏం రాయాలని అడిగితే 'బీగేరత్' అని ఫార్సీ అక్షరాలు ఒక్కొక్కటీ చూపించాడు. హైదరాబాద్ ఉర్దూ తెలిసినవాళ్ళకి ఈ మాట బరువు తెలుసు, సిగ్గూ పౌరుషం లేనోడు అని. నాకూ తెలుసు. తెలిసే రాశాను. జగిత్యాల వాడిని, దేరాలో కూర్చుని, కజాన్‌లో ఉన్న గోంబదె కావూస్ కుర్రాణ్ణి, వాళ్ళ భాషలో తిట్టాను. నాకూ వాడికీ మధ్య ఏం ఉంది? ఏమీ లేదు. రాశాక హాయిగా నిద్రపోయాను కూడా.

25న పోర్చుగల్‌తో, సరాన్స్క్‌లో. పోర్చుగల్‌కి క్వారెజ్మా గోల్, రొనాల్డో పెనాల్టీని ఇరాన్ కీపర్ బేరాన్వాంద్ ఆపడం, ఇవన్నీ యూట్యూబ్‌లో ఉన్నాయి. ఆఖర్లో ఇరాన్‌కి పెనాల్టీ వచ్చింది, అన్సారీఫర్ద్ కొట్టాడు, 1-1. ఆ పెనాల్టీ ఎలా వచ్చింది? ఆజ్మూన్ హెడ్డర్‌కి లేచాడు, బంతి పోర్చుగల్ ఆటగాడు సెడ్రిక్ చేతికి తగిలింది. అంటే ఆ గోల్ పుట్టింది వాడి తల మీంచే. దుకాణంలో ఒక్కరంటే ఒక్కరు ఆ మాట అనలేదు. ఆఖరి నిమిషంలో తారెమీ బంతి పక్క వలకి తగిలింది. అది లోపలికెళ్ళి ఉంటే పోర్చుగల్ ఇంటికి, ఇరాన్ మొదటిసారి నాకౌట్‌కి. నాలుగు పాయింట్లు వచ్చినా ఇంటిదారే.

28న ఆజ్మూన్ రాసింది బయటికొచ్చింది. మా కుర్రాడు చదివి నాకు హిందీలో చెప్పాడు. దేశం కోసం ఆడటం ఎప్పటికీ గర్వమే అన్నాడు. వాళ్ళ అమ్మ పెద్ద జబ్బు నుంచి తేరుకుందట. తననీ కుటుంబాన్నీ కొందరు తిట్టిన తిట్లకి ఆమె జబ్బు మళ్ళీ ముదిరిందట. జట్టా అమ్మా అని తేల్చుకోవాల్సి వచ్చింది, అమ్మని ఎంచుకుంటున్నా అని.

తమ్ముడూ, ఇది డ్రామానో కాదో నువ్వే చూసుకో.

ఆ సాయంత్రం దుకాణంలో ఎవరూ ఎవరి మొహం చూడలేదు. గుర్రాల బొమ్మలు పెట్టినవాడు సరుకు సర్దుతానని వెనక్కి వెళ్ళాడు. ఆఘా మాత్రం 'పోనీ, ఇంకా పిల్లాడు, కోపం తగ్గాక వస్తాడు' అన్నాడు, కూతురు అలిగి పుట్టింటికి వస్తే అన్నట్టు. నేను బయటికెళ్ళి నా కామెంట్ తీసేద్దామని ఫోన్ తెరిచాను. దాని కింద, పైన, వేలకి వేలు. వేలు నొప్పి పుట్టేదాకా కిందికి జరిపాను. దొరకలేదు.

గచ్చిబౌలి వింగర్:

దేరా అన్నా, చదువుతుంటే గొంతు పట్టేసింది. కానీ ఒక మాట ఒప్పుకోను. కోట్లు తీసుకునే ఆటగాడు విమర్శ తట్టుకోవాలి. అభిమాని టికెట్ కొంటాడు, గొంతు పోయేలా అరుస్తాడు, సెలవు పెట్టి చూస్తాడు. ఆడకపోతే అడిగే హక్కు లేదా? 2007లో ధోనీ ఇల్లు కడుతుంటే రాంచీలో రాళ్ళు వేశారు. ఆయన రిటైర్ అవ్వలేదు కదా. నాలుగేళ్ళలో కప్పు తెచ్చాడు. ఒత్తిడే మనిషిని తయారుచేస్తుంది.

దేరా దుకాణం:

వింగర్ తమ్మీ, ఆ ఇటుకలు పడగొట్టినవాళ్ళ వల్ల ధోనీ సిక్సర్లు కొట్టాడంటావా? నాకు అట్లా అనిపించదు.

అడిగే హక్కు గురించి. 'మొరాకో మీద ఆ బంతిని పక్కకి తోసి ఉండాల్సింది' అని రాస్తే అది అడగడం. నేను రాసింది అది కాదు. నేను రాసింది ఆట గురించే కాదు.

ఇంకా ఉంది, విను. అదే ఏడాది అతను మళ్ళీ జట్టులోకి వచ్చాడు. 2019 జనవరిలో ఆసియా కప్ మా యూఏఈలోనే. జనవరి 12, శనివారం, అబుదాబిలో ఇరాన్, వియత్నాం. ఆఘా ఒక వ్యాన్ మాట్లాడి మమ్మల్నందరినీ తీసుకెళ్ళాడు. దారంతా పాటలు. ఆజ్మూన్ రెండు గోల్స్, 2-0. మొదటిది తలతో. నా పక్కన నిలబడి 'సర్దార్! సర్దార్!' అని నరాలు తెగేలా అరిచినవాడు ఎవరనుకున్నావు? గుర్రాల బొమ్మలు పెట్టినవాడే. కళ్ళలో నీళ్ళు కూడా. నటన కాదు, అది నిజమే. ఆ రోజు తిట్టిందీ నిజమే. ఈ తమ్ముడు అడిగిన ప్రశ్నకి నా దగ్గరున్న జవాబు ఆ ఒక్క మొహమే.

ఆ టోర్నీలో నాలుగు గోల్స్ కొట్టాడు. సెమీస్‌లో జపాన్ చేతిలో 0-3. జపాన్ ఆటగాడు పడిపోతే ఫౌల్ అనుకుని మనోళ్ళంతా రిఫరీ చుట్టూ చేరారు (చూశారా, ఇప్పటికీ 'మనోళ్ళు' అనే వస్తుంది). అతను లేచి, బంతి అందుకుని, క్రాస్ వేశాడు, గోల్. చివర్లో ఆజ్మూన్ కూడా చేయి చేసుకునేదాకా వెళ్ళాడు. దేవుడేం కాదు. ఇరవై నాలుగేళ్ళ కుర్రాడు, 1976 తర్వాత రాని కప్పు, మళ్ళీ చేజారింది. వ్యాన్‌లో తిరిగొస్తుంటే ఎవరూ పాడలేదు. ఫోన్లు మాత్రం అందరి చేతుల్లో వెలుగుతున్నాయి.

కంఠీరవ గ్యాలరీ:

నేను బెంగళూరులో ఉండే కడప వాణ్ణి. ఇతను మనమీద కూడా కొట్టాడని ఎవరూ చెప్పలేదే! 2015 సెప్టెంబర్ 8, మంగళవారం, కంఠీరవ స్టేడియం, వరల్డ్ కప్ క్వాలిఫైయర్. ఆఫీసులో కడుపునొప్పి అని చెప్పి వెళ్ళాను. ఇండియా 0-3. మొదటి గోల్ ఆజ్మూన్. దాదాపు అరగంట మనవాళ్ళు బాగానే ఆపారు, స్టాండ్‌లో డప్పులు మోగుతున్నాయి. అది పడగానే డప్పులు ఆగిపోయాయి.

నాకు గుర్తున్నది వేరే విషయం. నా వెనక వరసలో ఓ పదిమంది ఇరానీ విద్యార్థులున్నారు, ఇక్కడ చదువుకునేవాళ్ళు. గోల్ పడ్డాక ఒకమ్మాయి జెండా ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. గెలుస్తుంటే ఏడుపెందుకని నేను అడిగితే వాళ్ళ స్నేహితుడు చెప్పాడు, ఆమె స్టేడియంలో కూర్చుని వాళ్ళ జట్టుని చూడటం జీవితంలో ఇదే మొదటిసారి అని.

హాఫ్‌టైమ్ టీ:

కంఠీరవ గారూ, మీరు రాసిన ఆఖరి మాట దగ్గరే ఆగిపోయాను. ఇక్కడ ఇప్పటిదాకా అందరూ గోల్స్ ఒత్తిడి గురించే రాశారు. ఆ కుర్రాడి నెత్తిన ఇంకోటి కూడా పెట్టారు.

ఇరాన్‌లో నలభై ఏళ్ళుగా మగవాళ్ళ ఫుట్‌బాల్ మ్యాచ్‌లకి ఆడవాళ్ళని రానివ్వలేదు. సహర్ ఖొదాయారీ అనే అమ్మాయి తన జట్టు ఎస్తెగ్లాల్‌ని చూడాలని మగవేషంలో వెళ్ళి పట్టుబడింది. కేసు పెట్టారు. కోర్టు బయట ఒంటికి నిప్పంటించుకుంది, 2019 సెప్టెంబర్‌లో చనిపోయింది. ఆ జట్టు రంగు నీలం, అందుకే అందరూ ఆమెని నీలి అమ్మాయి అన్నారు. నెల తర్వాత అక్టోబర్ 10న కంబోడియాతో మ్యాచ్‌కి ఆజాదీ స్టేడియంలో ఆడవాళ్ళకి కొన్ని టికెట్లు అమ్మారు. అంత పెద్ద స్టేడియంలో వీళ్ళు నాలుగు వేల లోపే, ఒక మూల. ఇరాన్ 14-0తో గెలిచింది, ఆజ్మూన్ హ్యాట్రిక్. స్కోరు చూస్తే నవ్వొస్తుంది కదా? ఆ గ్యాలరీ వీడియో చూడండి. ఏడో గోల్‌కీ పదో గోల్‌కీ మొదటి గోల్‌కి అరిచినట్టే అరిచారు.

తర్వాత 2022. హిజాబ్ సరిగ్గా లేదని పోలీసులు పట్టుకెళ్ళిన మహ్సా అమీనీ అనే అమ్మాయి చనిపోయాక దేశమంతా రోడ్ల మీదికొచ్చింది. అప్పుడు అందరూ ఆటగాళ్ళ వైపే చూశారు, మాట్లాడతారా లేదా అని. జట్టు నియమాలు నోరు కట్టేశాయి. ఆజ్మూన్ ఇన్‌స్టాలో రాశాడు. మహా అయితే జట్టులోంచి తీసేస్తారు, ఇరాన్ ఆడవాళ్ళ ఒక్క వెంట్రుక పాటి చేయదు అది, అనే అర్థం వచ్చేలా. ఆ సెప్టెంబర్ 27న ఆస్ట్రియాలో సెనెగల్‌తో స్నేహపూర్వక మ్యాచ్, జాతీయ గీతం అప్పుడు ఆటగాళ్ళంతా చిహ్నం కనబడకుండా నల్ల జాకెట్లు వేసుకున్నారు. ఇతను బెంచీ నుంచి వచ్చి గోల్ కొట్టి 1-1 చేశాడు. చేతులు పైకెత్తలేదు, పరిగెత్తలేదు. స్కోర్ చేసి అంత దిగులుగా ఉన్న మొహం నేను ఎప్పుడూ చూడలేదు.

అయినా వదిలారా? వరల్డ్ కప్‌కి వెళ్తే 'ఎందుకు వెళ్ళావు' అని ఒక వైపు, పోస్టులు పెడితే 'ఎందుకు పెట్టావు' అని ఇంకో వైపు. పిక్క గాయం నుంచి అప్పుడే లేచి ఆడాడు. వేల్స్ మీద ఇతని షాట్ ఒక పోస్టుకి, ఆ వెంటనే గోలీజాదే షాట్ రెండో పోస్టుకి తగిలాయి. అమెరికా చేతిలో ఓడిన రాత్రి ఇరాన్‌లోనే కొందరు సంబరాలు చేసుకున్నారు. ఒక స్ట్రైకర్ గోల్ కొట్టాలని సగం దేశం, కొట్టకూడదని సగం దేశం కోరుకుంటే అతను బంతిని ఎటు తన్నాలి?

గచ్చిబౌలి వింగర్:

సరే, నా మాట కొంచెం వెనక్కి తీసుకుంటున్నా. కొంచెమే. ధోనీ పోలిక తీసేయండి. కానీ దేరా అన్నా, మొన్న ఖతార్ మ్యాచ్ చివర్లో ఇరాన్ ఆటగాడు జహాన్‌బఖ్ష్ షాట్ పోస్టుకి తగిలింది చూశారు కదా. ఆ క్షణంలో నేను టీవీకి ఏం అన్నానో ఇక్కడ రాయలేను. అది కూడా తప్పేనా?

దేరా దుకాణం:

టీవీకి చెవులు లేవు తమ్మీ, ఎంతైనా అను. నేనూ అన్నాను.

లెక్కల మాస్టారు:

ఒక చిన్న చేర్పు. క్వార్టర్స్‌లో జపాన్ మీద ఇరాన్ 2-1తో గెలిచిన మ్యాచ్‌లో మొహెబీ గోల్‌కి పాస్ ఇచ్చింది ఆజ్మూనే. 2019లో ఏ జట్టు చేతిలో 0-3 పోయిందో ఆ జట్టే. స్కోర్‌కార్డ్‌లో గోల్ ఎదురుగా వేరేవాడి పేరుంటుంది కాబట్టి ఎవరికీ గుర్తుండదు.

రాత్రి కిక్కాఫ్:

అందరికీ చాలా థాంక్స్. రూమ్మేట్‌కి దేరా అన్న రాసిందంతా చదివి వినిపించాను. వాడు సగంలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నాడు, కానీ పాట పెట్టలేదు, నేను చూశాను. తర్వాత మెల్లగా అడిగాడు: 'వాళ్ళ అమ్మకి తర్వాత తగ్గిందా?'

ఇంకోటి, ఇది నాకోసం. అన్నా, ఆ కామెంట్ తర్వాత ఎప్పుడైనా దొరికిందా?

దేరా దుకాణం:

అమ్మ ఆరోగ్యం వాళ్ళ ఇంటి విషయం తమ్ముడూ. అతను తిరిగి ఆడాడు కాబట్టి తగ్గే ఉంటుందని నేను అనుకున్నాను, అంతే. అంతకుమించి వెతకలేదు, వెతకబుద్ధి కాలేదు.

కామెంట్ దొరకలేదు. 2020లో కరోనా టైమ్‌లో ఊరికొచ్చేశాను. ఆ ఫోన్ స్క్రీన్ పగిలింది, పాస్‌వర్డ్ మర్చిపోయాను, ఆ అకౌంట్ ఇప్పుడు నా చేతిలో లేదు. ఖతార్ మీద ఆ గోల్ పడ్డప్పుడు ఆఘాకి ఫోన్ చేశాను, నాలుగేళ్ళ తర్వాత. వెనక టీవీ మోత, గింజలు కొరుకుతున్న చప్పుడు. 'చూశావా పిల్లాణ్ణి!' అని అరిచాడు. అప్పటికి ఇంకా 1-0నే.